కొత్త వేట రైఫిల్‌లో లోపం, కంపెనీ పట్టించుకోవడం లేదు: ఏం చేయాలి, ఎలా చేయాలి

అమెరికాలో స్థిరపడ్డ మన తెలుగువాళ్ళలో నవంబరు వస్తే జింకల వేటకు వెళ్ళేవాళ్ళు ఉన్నారు. ఆఫీసులో తోటివాళ్ళు పిలిస్తేనో, పక్కింటాయన వెంటబెట్టుకుని వెళ్తేనో మొదలవుతుంది. తర్వాత సొంత రైఫిల్ కొనుక్కుంటారు. ఇల్లు, కారు, వీసా గురించి సలహా కావాలంటే మనలో ఎవరిని అడిగినా చెప్తారు. కొన్న రైఫిల్ లోపంతో వచ్చి, కంపెనీకి ఫోన్ చేస్తే "చూసి చెప్తాం" అని పెట్టేస్తే మాత్రం ఎవరిని అడగాలో తెలియదు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

ఈ గొడవలో గట్టిగా అరిచినంత మాత్రాన పని జరగదు. తేదీలతో సహా కాగితం చేతిలో ఉన్నవాళ్ళ పని జరుగుతుంది. కింద చెప్పేదంతా ఆ కాగితాన్ని ఎలా పోగుచేసుకోవాలన్నదే. మొదటి మెట్టు మాత్రం వేరు, అది ప్రాణాల సంగతి.

1. ముందు కాల్చడం ఆపండి

లోపం ఏదైనా సరే, అనుమానం వచ్చిన క్షణమే ఆ రైఫిల్‌తో కాల్చడం మానేయండి. "ఇంకో నాలుగు తూటాలు కాల్చి చూద్దాం, సర్దుకుంటుందేమో" అనుకోవద్దు. ట్రిగర్ నొక్కినా పేలకపోతే గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగి, అప్పుడు బోల్ట్ (తూటాను లోపలికి తోసి మూసే కదిలే భాగం) తెరవండి. ఆలస్యంగా పేలే తూటాలు ఉంటాయి. పేలిన చప్పుడు మామూలు కంటే పేలవంగా వినిపిస్తే తూటా గొట్టంలోనే ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనక ఇంకో తూటా పేలిస్తే గొట్టం చీలిపోతుంది. తుపాకీ ఖాళీ చేసి, గొట్టంలోకి వెలుతురు కనబడుతుందో లేదో చూసేదాకా మళ్ళీ కాల్చొద్దు.

అన్నిటికంటే భయంకరమైన లోపం, ట్రిగర్ మీద వేలు లేకుండానే పేలడం. దీని గురించి రెమింగ్టన్ 700 కథ తెలుసుకోవాలి. 1962లో వచ్చిన ఈ రైఫిల్ అమెరికాలో లక్షల ఇళ్ళలో ఉంది. దాని పాత ట్రిగర్‌లో లోపల ఒక చిన్న అదనపు ముక్క ఉండేది. అది సరిగ్గా తన చోటికి తిరిగి రాకపోతే, సేఫ్టీ (తుపాకీ పేలకుండా అడ్డుకునే మీట) తీయగానే తుపాకీ పేలే ప్రమాదం ఉందన్నది బాధితుల వాదన. పైగా పాత మోడళ్ళలో సేఫ్టీ వేసి ఉంటే బోల్ట్ తెరుచుకోదు. అంటే లోపలున్న తూటా తీయాలన్నా ముందు సేఫ్టీ తీయాల్సిందే.

2000 అక్టోబరులో మోంటానాలో వేట ముగించుకుని ఇంటికి బయల్దేరే ముందు ఒక తల్లి సరిగ్గా అదే చేసింది. ఖాళీ చేద్దామని సేఫ్టీ తీసింది, తుపాకీ పేలింది. తూటా గుర్రాల ట్రెయిలర్‌ను చీల్చుకుని అవతల ఉన్న ఆమె కొడుక్కి తగిలింది. గస్ బార్బర్ అనే ఆ పిల్లవాడికి తొమ్మిదేళ్ళు. అతని తండ్రి రిచర్డ్ బార్బర్ ఆ తర్వాత ఏళ్ళ తరబడి కంపెనీ పాత కాగితాలు తవ్వి తీశాడు. తుపాకీ క్షేమమైనదేననీ, వాడినవాళ్ళ పొరపాటో, సరిగా చూసుకోకపోవడమో, ఎవరో చేసిన మార్పులో కారణమనీ కంపెనీ వాదిస్తూ వచ్చింది. చివరికి మిజోరీలో ఫెడరల్ కోర్టు 2017లో ఒక ఒప్పందాన్ని ఆమోదించింది. అర్హత ఉన్న రైఫిళ్ళకు ఉచితంగా ట్రిగర్ మార్చుకునే వీలు దొరికింది. దరఖాస్తు చేసుకున్నవాళ్ళు మాత్రం చాలా తక్కువ. ఆ గడువు 2020తో ముగిసింది.

ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. "తుపాకీ బాగానే ఉంది, మీరే ఏదో చేసి ఉంటారు" అన్న జవాబు మీకూ వస్తుంది. ఒక పిల్లవాడు పోయిన ఇంటికే ఆ జవాబు వచ్చింది. దానికి బెదిరి వెనక్కి తగ్గొద్దు.

2. లోపం తుపాకీదేనా అని తేల్చుకోండి

ట్రిగర్, సేఫ్టీ పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. తూటాలన్నీ వేరే గదిలో పెట్టేయండి. బోల్ట్ తెరిచి ఛాంబర్‌లోకి (తూటా కూర్చునే అరలోకి) కంటితో చూడండి, చిటికెన వేలు పెట్టి తడిమి చూడండి, మ్యాగజైన్ తీసేయండి. ఫోన్‌లో వీడియో మొదలుపెట్టి, ఖాళీ ఛాంబర్‌ను ముందుగా కెమెరాకు చూపించండి. గొట్టం ఎప్పుడూ మనుషులు లేని వైపే ఉండాలి. ఇప్పుడు బోల్ట్ మూసి, సేఫ్టీ వేసి, ట్రిగర్ గట్టిగా నొక్కి వదిలేయండి. తర్వాత ట్రిగర్ ముట్టుకోకుండా సేఫ్టీ తీయండి. లోపల "టక్" మని ఫైరింగ్ పిన్ పడిన చప్పుడు రాకూడదు. తర్వాత బోల్ట్‌ను కాస్త విసురుగా మూసి చూడండి, అప్పుడూ పడకూడదు. దళసరి రబ్బరు మ్యాట్ మీద రైఫిల్ మడమను (భుజానికి ఆనించే వెనక చివరను) తట్టి చూడండి, అప్పుడూ పడకూడదు. ఒక్కొక్కటీ పదేసి సార్లు చేయండి. ఒక్కసారి పడినా లోపం ఉన్నట్టే. తొమ్మిది సార్లు బాగుంది కదా అని సరిపెట్టుకునే విషయం కాదిది.

ట్రిగర్ మరలు మాత్రం తిప్పొద్దు. చాలా రైఫిళ్ళలో వాటి మీద ఫ్యాక్టరీలోనే రంగో లక్కో చుక్క పెట్టి మూసేస్తారు. అది పగిలిందంటే వారంటీ తిరగ్గొట్టడానికి కంపెనీకి మీరే సాకు చేతికిచ్చినట్టు.

గురి కుదరని లోపమైతే కొంచెం ఓపిక కావాలి. ఎందుకంటే పది ఫిర్యాదుల్లో చాలావాటికి అసలు కారణం వదులైన స్కోప్ మరలు. మౌంట్ మరలు, రింగు మరలు, స్టాక్‌కు (చెక్క లేదా ప్లాస్టిక్ భాగానికి) రిసీవర్‌ను (బోల్ట్ కదిలే లోహపు భాగాన్ని) పట్టి ఉంచే మరలు, అన్నీ మాన్యువల్‌లో రాసిన అంగుళ-పౌండ్ల లెక్క ప్రకారం టార్క్ రెంచితో బిగించండి. వేరే తుపాకీ మీద బాగా పనిచేస్తున్న స్కోప్ ఒకటి తెచ్చి దీనికి పెట్టి చూడండి. బెంచీ మీద సంచుల ఆసరాతో, 100 గజాల దూరంలో, కనీసం మూడు రకాల ఫ్యాక్టరీ తూటాలతో, గొట్టం చల్లారనిస్తూ కాల్చండి. ఇంట్లో నింపుకున్న తూటాలు వాడొద్దు. వాటితో వచ్చిన లోపాన్ని చాలా వారంటీలు ఒప్పుకోవు. కంపెనీ "ఒక ఎంఓఏ గ్యారంటీ" అని ప్రకటించి ఉంటే దాని అర్థం 100 గజాల్లో తూటాలన్నీ సుమారు 1.05 అంగుళాల లోపల పడాలని. అది మూడు తూటాల గ్రూపుకా, అయిదింటికా, ఏ రకం తూటాలకు అన్నది చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవండి. ప్రకటనలో లేని గురి కోసం కంపెనీతో పోట్లాడితే గెలవరు.

ఇక ఛాంబర్ లోపాలు. వీటికి సాక్ష్యం పేలిన తూటా డొప్పలోనే ఉంటుంది, చాలామంది దాన్ని రేంజ్‌లో పారేసి వస్తారు. డొప్పను వెలుతురులో తిప్పి చూడండి. అడుగు నుంచి కాస్త పైన చుట్టూ ఉంగరంలా మెరిసే సన్నని గీత కనబడితే జాగ్రత్త పడాలి. ఒక పేపర్ క్లిప్‌ను సాగదీసి, కొన కొక్కెంలా వంచి, డొప్ప లోపలికి దింపి గోడ వెంట పైకి లాగండి. ఆ గీత ఉన్న చోట కొన తట్టుకుని ఆగిందంటే లోపల గాడి పడింది, ఇత్తడి సాగి పలచబడిందన్నమాట. ఛాంబర్‌లో ఉండకూడనంత ఖాళీ ఉన్నప్పుడు ఇలా అవుతుంది. ఇంకోసారి అక్కడే విరిగి, వేడి వాయువు మొహం మీదికి రావచ్చు. ప్రైమర్ (డొప్ప అడుగున మంట పుట్టించే చిన్న బిళ్ళ) ఊడిపోయి రావడం, డొప్ప బయటికి రాక బోల్ట్‌ను మడమతో తన్నాల్సి రావడం కూడా ఇంట్లో సరిచేసుకునేవి కావు. దగ్గర్లోని గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే మనిషి) దగ్గర హెడ్‌స్పేస్ గేజులు, అంటే బోల్ట్ మూశాక తూటాకు ఛాంబర్‌లో మిగిలే ఖాళీని కొలిచేవి, ఉంటాయి. "నో-గో" గేజు పెట్టినప్పుడు బోల్ట్ మూసుకోకూడదు. కొలిచి, ఫలితం తన లెటర్‌హెడ్ మీద రాసివ్వమనండి. కొలవడం వరకే, బాగుచేయవద్దని గట్టిగా చెప్పండి.

3. సాక్ష్యం ఒకచోట పెట్టండి

కొన్న రసీదు, సీరియల్ నంబరు, పెట్టె మీది లేబుల్, మాన్యువల్ అన్నీ ఫొటో తీసి ఒక ఫోల్డర్‌లో పెట్టండి. టార్గెట్ కాగితాల మీదే తేదీ, దూరం, తూటా పేరు, పెట్టె మీది లాట్ నంబరు రాయండి. పేలిన డొప్పల్ని ఏ పెట్టెలోంచి వచ్చాయో అదే పెట్టెలో తిరిగి పెట్టండి. మిగిలిన తూటాలు కూడా వాడకుండా ఉంచండి. తప్పు తుపాకీది కాక తూటా తయారీదారుది అయితే తేలేది వాటితోనే.

4. రీకాల్ ఉందేమో చూడండి

కంపెనీ వెబ్‌సైట్‌లో భద్రతా నోటీసుల పేజీలో సీరియల్ నంబరు కొట్టి చూడండి. రెమింగ్టనే 2014 ఏప్రిల్‌లో, 2006 మే 1 నుంచి 2014 ఏప్రిల్ 9 దాకా చేసిన ఎక్స్-మార్క్ ప్రో ట్రిగర్ రైఫిళ్ళను వెనక్కి పిలిచింది. ట్రిగర్ లోపల జిగురు లాంటి పదార్థం ఎక్కువై తుపాకీ దానంతటదే పేలవచ్చన్నది కారణం.

ఇక్కడ మనవాళ్ళు పొరపాటు పడే చోటు ఒకటుంది. బొమ్మ విరిగినా, హీటర్ కాలినా వినియోగ వస్తువుల భద్రతా సంస్థ సీపీఎస్‌సీకి ఫిర్యాదు చేయొచ్చు, అది కంపెనీ మెడలు వంచి రీకాల్ చేయించగలదు. తుపాకులు మాత్రం చట్ట ప్రకారమే ఆ సంస్థ పరిధిలో లేవు. తుపాకీ కంపెనీని నిర్బంధించి రీకాల్ చేయించే అలాంటి ఫెడరల్ సంస్థ ఇంకోటి లేదు. రీకాల్ అంటే కంపెనీ తనంతట తాను చేసేదే. అందుకే మీ ఫైలు మీరే గట్టిగా పెట్టుకోవాలి.

5. వారంటీ చదివి, ఎవరిని అడగాలో తేల్చుకోండి

వారంటీ ఇచ్చేది దుకాణం కాదు, తయారీదారు. విదేశంలో తయారైన రైఫిల్ అయితే అమెరికాలోని దిగుమతిదారు చూస్తాడు. ఫిన్లాండ్‌లో చేసే టిక్కాకు బెరెట్టా యూఎస్ఏ లాగా. వారంటీ మొదట కొన్నవాళ్ళకే వర్తిస్తుందా, సెకండ్‌హ్యాండ్ కొన్నవాళ్ళకూ వర్తిస్తుందా అన్నది చూడండి. కంపెనీ చేతులు మారి ఉంటే ఇంకా జాగ్రత్త. రెమింగ్టన్ 2020లో దివాలా తీసి ముక్కలుగా అమ్ముడుపోయింది. అలాంటప్పుడు పాత తుపాకుల బాధ్యత కొత్త యజమాని నెత్తిన వేసుకున్నాడా లేదా అని మొదటే రాతపూర్వకంగా అడగండి.

కొన్ని పెట్టెల్లో వారంటీ కార్డే ఉండదు. అంటే హక్కు లేదని కాదు. సరుకు దాని మామూలు పనికి తగినట్టు ఉండాలన్న పూచీ, అమ్మేవాడు రాసివ్వకపోయినా చాలా రాష్ట్రాల్లో ఉంటుంది. ఆ పూచీ ముందుగా దుకాణం మీద ఉంటుంది కాబట్టి మొదటి ఉత్తరం నుంచే దుకాణానికీ ఒక ప్రతి పంపండి. రాతపూర్వక వారంటీ ఇచ్చిన కంపెనీలకు 1975లో వచ్చిన మాగ్నసన్-మాస్ చట్టం వర్తిస్తుంది. వేరే కంపెనీ స్కోప్ పెట్టారన్న ఒక్క కారణంతో వారంటీ రద్దు చేయడం ఆ చట్టం ప్రకారం కుదరదు. ఆ స్కోప్ వల్లే లోపం వచ్చిందని వాళ్ళు చూపించాలి.

6. ఫోన్ చేయండి, వెంటనే మెయిల్ రాయండి

వేట సీజనుకు ముందు ఆగస్టు నుంచి కస్టమర్ సర్వీస్ లైన్లు దొరకవు, మరమ్మతు వరసలు పెరిగిపోతాయి. వీలైతే వసంతంలోనో ఎండాకాలం మొదట్లోనో పని మొదలుపెట్టండి.

ఫోన్‌లో కోపం వద్దు. మాట్లాడినవాళ్ళ పేరు, టైము, వాళ్ళిచ్చిన కేసు నంబరు రాసుకోండి. సంభాషణ రికార్డు చేయాలనుకుంటే ముందు మీ రాష్ట్రం చట్టం చూడండి. కాలిఫోర్నియాలో అవతలివాళ్ళ అనుమతి లేకుండా చేయకూడదు. ఫోన్ పెట్టగానే అదే రోజు మెయిల్ పంపండి: "ఇవాళ ఇన్ని గంటలకు ఫలానా వారితో మాట్లాడాను. రైఫిల్ పంపమన్నారు, రానుపోను షిప్పింగ్ మీదేనన్నారు, ఇన్ని వారాలు పడుతుందన్నారు. ఇందులో తప్పుంటే తెలియజేయండి." వాళ్ళు బదులివ్వకపోయినా, ఫోన్‌లో అన్న మాట ఇప్పుడు కాగితమైంది.

లోపాన్ని రాసేటప్పుడు మీ బాధ కాదు, జరిగింది రాయండి. "చెత్త తుపాకీ, డబ్బులు దండగ" అన్న వాక్యానికి వాళ్ళ దగ్గర విలువ లేదు. "మూడు రకాల ఫ్యాక్టరీ తూటాలతో 100 గజాల్లో మూడు తూటాల గ్రూపులు 3 అంగుళాలు దాటుతున్నాయి, స్కోప్ మార్చి చూశాను, టార్గెట్లు జత చేశాను" అన్నదానికి విలువుంది.

ప్రమాదకరమైన లోపమైతే మొదటి వాక్యంలోనే ఆ సంగతి రాయండి: "ట్రిగర్ ముట్టుకోకుండా సేఫ్టీ తీయగానే ఫైరింగ్ పిన్ పడుతోంది." భద్రత మాట రాతలో కనబడితే కస్టమర్ సర్వీస్‌లో ఆ ఫైలు కదిలే తీరే వేరు.

7. రైఫిల్‌ను పంపడం

ఫెడరల్ చట్టం ప్రకారం లైసెన్సు లేని మామూలు యజమాని కూడా మరమ్మతు కోసం తన రైఫిల్‌ను వేరే రాష్ట్రంలోని లైసెన్సున్న తయారీదారుకు నేరుగా పంపొచ్చు. బాగుచేసినదాన్ని, లేదా దాని బదులు అదే రకం కొత్తదాన్ని, వాళ్ళు నేరుగా మీ ఇంటికే పంపొచ్చు. చిక్కు కొరియర్ల దగ్గర వస్తుంది. ప్రైవేటు కొరియర్లు ఈమధ్య తుపాకుల్ని లైసెన్సున్నవాళ్ళ నుంచే తీసుకుంటున్నాయి. పోస్టాఫీసు మాత్రం ఖాళీ చేసిన రైఫిళ్ళనూ షాట్‌గన్లనూ తీసుకుంటుంది. అన్నిటికంటే సులువు, కంపెనీనే తన ఖాతా మీద షిప్పింగ్ లేబుల్ పంపమనడం, లేదా కొన్న డీలర్‌కు కొద్దిపాటి రుసుమిచ్చి అతని చేత పంపించడం. మీ రాష్ట్రంలో అదనపు నియమాలేమైనా ఉన్నాయేమో డీలర్‌నే అడగండి.

వాళ్ళు ఉంచమంటే తప్ప స్కోప్, స్లింగ్, బైపాడ్ తీసేయండి, ఒకసారి పోతే వాటి వెంట తిరగాలి. బోల్ట్ మాత్రం తప్పకుండా పంపండి. హెడ్‌స్పేస్ అనేది గొట్టం, బోల్ట్ రెండూ కలిస్తేనే కొలవగలిగేది. పెట్టెలో ఒక్క తూటా కూడా ఉండకూడదు, మూలల్లో, జేబుల్లో వెతకండి. లోపం వివరం, కేసు నంబరు, టార్గెట్ల ప్రతులు, పేలిన డొప్పలు రెండు పెట్టండి. మిగతా డొప్పలు, అసలు టార్గెట్లు మీ దగ్గరే ఉండాలి. మూసే ముందు పెట్టె లోపల, సీరియల్ నంబరు కనబడేలా ఫొటో తీయండి. బీమా, సంతకంతో డెలివరీ తప్పనిసరి. పెట్టె పైన తుపాకీ బొమ్మ గానీ, పేరు గానీ ఉండకూడదు.

హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళకు ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. వలసేతర వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ కలిగి ఉండటం ఫెడరల్ నేరం. దానికున్న కొద్ది మినహాయింపుల్లో మనవాళ్ళు ఎక్కువగా వాడుకునేది, ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. టెక్సస్ వార్షిక వేట లైసెన్సు ఆగస్టు 31తో ముగుస్తుంది. రైఫిల్‌ను జూలైలో మరమ్మతుకు పంపి, సెప్టెంబరులో అది ఇంటికి తిరిగొచ్చేసరికి కొత్త లైసెన్సు తీసుకోకపోతే, తలుపు దగ్గర సంతకం పెట్టి అందుకోవడమే నేరమై కూర్చుంటుంది. ముందు లైసెన్సు కొత్తది తీసుకోండి, తర్వాతే పెట్టె అందుకోండి. ఉద్యోగం, గ్రీన్ కార్డు, పిల్లల చదువులు అన్నీ దానికి ముడిపడి ఉన్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకు ఈ నిబంధన లేదు.

8. "అంతా బాగానే ఉంది" అని తిప్పిపంపితే

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. వారాలు గడిచాక పెట్టె తిరిగొస్తుంది, లోపల ఒక చీటీ: "పరీక్షించాము, ఫ్యాక్టరీ ప్రమాణాలకు లోబడి ఉంది." మా బావగారి రైఫిల్ ఇలాగే వచ్చింది. డొప్పల మీద ఆ మెరిసే గీత స్పష్టంగా కనిపిస్తోంది, చీటీలో మాత్రం రెండు ముక్కలు. ఆయన ఇంకో ఫోన్ చేయకుండా ఒక మెయిల్ పెట్టారు. ఏ తేదీన, ఏ తూటాతో, ఎన్నిసార్లు కాల్చారు? టార్గెట్ ఎక్కడ? హెడ్‌స్పేస్ కొలిచారా, కొలత ఎంత, అనుమతించిన పరిమితి ఎంత? పరీక్షించినవారు ఎవరు? ఆ మెయిల్‌కు స్థానిక గన్‌స్మిత్ రాసిచ్చిన కొలత, డొప్పల దగ్గరి ఫొటోలు జత చేశారు. ఈసారి జవాబు కస్టమర్ సర్వీస్ నుంచి రాలేదు, దాని పైఅధికారి నుంచి వచ్చింది. తర్వాత కొత్త రైఫిల్ వచ్చింది.

అవే ప్రశ్నలు మీరూ అడగండి. నిజంగా పరీక్షించి ఉంటే వాటికి జవాబు పది నిమిషాల పని. పరీక్షించని వాళ్ళకే అది కష్టం.

రెండోసారి పంపమంటే పంపండి. బాగుచేయడానికి న్యాయమైన అవకాశం ఇచ్చామని చూపించడం ముందుముందు మీకే బలం. కానీ ప్రమాదకరమైన లోపానికి మూడో విడత అక్కర్లేదు. మార్చి ఇవ్వమనో, డబ్బు తిరిగివ్వమనో అడగండి.

9. చివరి ఉత్తరం

మెయిళ్ళకు బదులు లేకపోతే కంపెనీ రిజిస్టర్డ్ ఏజెంట్ (కంపెనీ తరఫున చట్టపరమైన కాగితాలు అందుకునేవారు) చిరునామాకు ఒక ఉత్తరం పంపండి. కంపెనీ ఏ రాష్ట్రంలో నమోదైందో ఆ రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ వెబ్‌సైట్‌లో ఏజెంట్ పేరు దొరుకుతుంది. సర్టిఫైడ్ మెయిల్‌లో, అందినట్టు రసీదు వచ్చేలా పంపాలి. ఉత్తరం ఒక పేజీ దాటొద్దు. ఎప్పుడు, ఎక్కడ, ఎంతకు కొన్నారు, లోపం ఏమిటి, ఏ తేదీల్లో ఎవరితో మాట్లాడారు, రైఫిల్ ఎన్నిసార్లు పంపారు, ఇప్పుడు ఏం కావాలి, ఎన్ని రోజుల్లో కావాలి. మాగ్నసన్-మాస్ చట్టం పేరు ఒక వాక్యంలో ఉండాలి. ఆ చట్టం కింద గెలిస్తే లాయరు ఫీజు కంపెనీ మీద వేసే అధికారం కోర్టుకుంది, అందుకే ఆ పేరు చూసి కంపెనీ లాయర్లు ఫైలు తెరుస్తారు. ఒకసారి వారంటీ కాగితం చూసుకోండి, ముందు ఫలానా మధ్యవర్తి దగ్గరికి వెళ్ళాలని అందులో ఉంటే ఆ మెట్టు దాటాలి.

టెక్సస్‌లో మోసపూరిత వ్యాపార పద్ధతుల చట్టం కింద కేసు వేయాలంటే 60 రోజుల ముందు రాతపూర్వక నోటీసివ్వాలి. ఆ నోటీసు ఈ ఉత్తరంలోనే ఇచ్చేయొచ్చు. సరుకు అమ్మకం కేసులకు చాలా రాష్ట్రాల్లో గడువు సరుకు చేతికందిన రోజు నుంచి నాలుగేళ్ళు. కంపెనీ "చూస్తున్నాం" అంటూ నెలలు గడిపినా గడియారం ఆగదు.

10. అయినా కదలకపోతే

రాష్ట్ర అటార్నీ జనరల్ వినియోగదారుల విభాగానికి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టండి. వాళ్ళు మీ తరఫున కేసు వేయరు గానీ, ఆ ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు అడుగుతుంటారు.

క్రెడిట్ కార్డుతో కొన్నారా? బిల్లు తప్పని వివాదం లేవనెత్తడానికి స్టేట్‌మెంట్ వచ్చిన 60 రోజులే గడువు. అది దాటినా ఇంకో దారి ఉంది. కొన్నది 50 డాలర్లకు పైగా ఉండి, దుకాణం మీ రాష్ట్రంలోనో ఇంటికి 100 మైళ్ళ లోపో ఉండి, ముందు దుకాణంతో పరిష్కారానికి ప్రయత్నించి ఉంటే, కార్డు మీద ఇంకా కట్టాల్సిన మొత్తం వరకు బ్యాంకును నిలదీయొచ్చు.

లాయరు అక్కర్లేకుండా చిన్న దావా వేయొచ్చు. పరిమితి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది: టెక్సస్ జస్టిస్ కోర్టులో 20,000 డాలర్లు, జార్జియా మేజిస్ట్రేట్ కోర్టులో 15,000, కాలిఫోర్నియాలో వ్యక్తులకు 12,500, న్యూజెర్సీలో 5,000. వేట రైఫిల్, స్కోప్, గన్‌స్మిత్ ఫీజు అన్నీ కలిపినా ఈ లోపలే ఉంటుంది. ఇంతకాలం పోగుచేసిన ఫోల్డర్‌ను తేదీల వరసలో అచ్చు తీసి మూడు ప్రతులు పట్టుకెళ్ళండి. మెరిసే గీత ఉన్న డొప్పను చిన్న సంచిలో వేసి తీసుకెళ్ళండి, జడ్జి చేతికివ్వండి. తూటాలు మాత్రం కోర్టుకు తీసుకెళ్ళొద్దు.

ఎవరికైనా గాయమైతే

అప్పుడు పైన చెప్పినవేవీ వర్తించవు. రైఫిల్‌ను కంపెనీకి పంపకండి. మరమ్మతు పేరుతో లోపమున్న భాగం మారిపోతే మీ కేసుకు ఆధారమే ఉండదు. శుభ్రం చేయకండి, బోల్ట్ ఊడదీయకండి. వైద్యం తర్వాత మొదటి పని తుపాకీని ఖాళీగా, ఉన్నది ఉన్నట్టు తాళం వేసి, ఉత్పత్తి లోపాల కేసులు చూసే లాయరును కలవడం. 2005లో వచ్చిన చట్టం వల్ల తుపాకీ కంపెనీల మీద కేసులు వేయలేమని చాలామంది అనుకుంటారు. నేరగాళ్ళు చేసిన పనికి కంపెనీని బాధ్యుణ్ణి చేయడాన్ని ఆ చట్టం అడ్డుకుంటుంది. సరైన రీతిలో వాడుతుండగా డిజైన్ లోపం వల్లో తయారీ లోపం వల్లో జరిగిన గాయాలకు అందులోనే మినహాయింపు ఉంది.

రైఫిల్ మారి వచ్చాక

కొత్త సీరియల్ నంబరు రాసుకోండి, ఇంటి బీమాలో పాతది నమోదై ఉంటే మార్పించండి. బదులుగా వేరే మోడల్ ఇస్తామంటే అది డీలర్ ద్వారానే, 4473 ఫారం (డీలర్ దగ్గర తుపాకీ తీసుకునేటప్పుడు నింపే ఫెడరల్ కాగితం) నింపించుకునే రావాలి. వీసా మీద ఉన్నవాళ్ళు ఆ రోజు వేట లైసెన్సు వెంట తీసుకెళ్ళాలి.

లోపం ఉన్నది బాగుకాకుండానే మీ చేతిలో మిగిలితే దాన్ని ఇంకొకరికి అంటగట్టొద్దు. తెలిసి తెలిసి అమ్మితే ఆ ప్రమాదం వాళ్ళింటికి పోతుంది. గన్‌స్మిత్ చేత ట్రిగర్ గానీ గొట్టం గానీ మార్పించండి, లేదంటే పోలీసులకు అప్పగించండి.

మారి వచ్చినదాన్నైనా తూటా పెట్టే ముందు, రెండో మెట్టులో చెప్పిన ట్రిగర్, సేఫ్టీ పరీక్షలన్నీ మళ్ళీ మొదటి నుంచి, వీడియో తీస్తూ చేయండి. మొదటి పెట్టె తూటాలు రేంజ్‌లోనే కాల్చి, డొప్పలన్నీ ఏరుకుని ఇంటికి తెచ్చి చూడండి. వేటకు పట్టుకెళ్ళేది ఆ తర్వాతే.